ఏం తిన్నవ్ అని కాదు, ఎన్ని లేచినయ్ అని అడగాలి

ఒంటిమీద దద్దుర్లు లేచిన మనిషిని వరంగల్‌లో ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "నిన్న ఏం తిన్నవ్?" వంకాయ అంటే వంకాయ బంద్, చేపలంటే చేపలు బంద్, ఆ తర్వాత గోంగూర, గుడ్డు, చివరికి టమాట కూడా బంద్. రెండు నెలలు గడిచేసరికి ఆ మనిషి కంచంలో పప్పు, పెరుగన్నం తప్ప ఏమీ మిగలదు, దద్దుర్లు మాత్రం పొద్దుగూకేసరికి టైముకు వచ్చేస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లు రక్తం చెడిందంటారు, ఆయుర్వేదం తెలిసినవాళ్లు శీతపిత్తం అంటారు, ఇంకొకరు గొంగడి కప్పుకొని పడుకోమంటారు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఒక సూది వేస్తాడు, కాసేపటికి అంతా మాయం. రేపు సాయంత్రం మళ్లీ మొదలు.

నిజానికి ఏం తిన్నవ్ అన్న ప్రశ్న పూర్తిగా తప్పేం కాదు. దద్దుర్లు వచ్చి కొన్ని రోజుల్లో పోయే రకం ఒకటుంది. జలుబు, జ్వరం లాంటి ఇన్‌ఫెక్షన్ వెనకాల గానీ, ఏదైనా మాత్ర వేసుకున్నాక గానీ, ఎప్పుడైనా రొయ్యల్లాంటి తిండి పడక గానీ వస్తుంది. అక్కడ ఆ ప్రశ్న పనికొస్తుంది. కానీ ఆరు వారాలు దాటాక కూడా వస్తూనే ఉంటే కథ మారిపోతుంది. దాన్ని డాక్టర్లు దీర్ఘకాలిక అర్టికేరియా అంటారు. జనాభాలో నూటికి అర నుంచి ఒకరి దాకా దీంతో బాధపడుతుంటారని అంచనా, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో దాదాపు రెండింతలు, అదీ ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, అంటే పనికి పోవాల్సిన, పిల్లల్ని చూసుకోవాల్సిన వయసులో. ఇందులో తిండి అసలు కారణం కావడం చాలా అరుదు. ఈ ఒక్క వాక్యం మన దగ్గర ఇంటింటికీ చేరితే ఎందరి కంచాల్లోకో కూర తిరిగొస్తుంది.

ఈ రెండో రకం మీద గత రెండు మూడు దశాబ్దాల్లో అందరికంటే ఎక్కువ పని చేసినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు మార్కస్ మౌరర్. జర్మనీ చర్మవైద్యుడు, బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో పరిశోధకుడు, 2024లో కన్నుమూశారు. ఆయన పేరు మన దగ్గర చర్మ డాక్టర్లకు తప్ప ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదేమో. ఆయన పని మాత్రం ఇక్కడి ఓపీ చీటీ మీద కూడా కనిపిస్తుంది, ఏ మాత్ర రాయాలి, రోజుకు ఎన్ని, ఎప్పుడు పెంచాలి అన్న లెక్కలో. ఆయన ఒక్కరే చేసిందీ కాదది. ఆయనకు ముందు వందేళ్లకు పైగా నడిచిన పని ఉంది, దాన్ని చూడకుండా ఆయన ఏం చేశారో అర్థం కాదు.

దద్దు అంటే చర్మంలో నీరు చేరి ఉబ్బడం. ఆ నీరు చేరడానికి కారణం మాస్ట్ కణాలు అని ఒక రకం కణాలు. 1878లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ విద్యార్థి తన పట్టా కోసం రాసిన పరిశోధనలో వీటికి పేరు పెట్టాడు. లోపల గింజలు గింజలుగా నిండిపోయి కనిపించేసరికి, బాగా మేపిన కణాలు అనుకొని, మేపి లావు చేయడం అనే అర్థమున్న జర్మన్ మాటతో పిలిచాడు. మైక్రోస్కోప్‌లో చూస్తే మక్కకంకి గుర్తొస్తుంది, అంత ఒత్తుగా ఉంటాయి ఆ గింజలు. ఆ గింజల్లో ఉండే ముఖ్యమైన సరుకు హిస్టమిన్. 1910లో హెన్రీ డేల్, ప్యాట్రిక్ లెయిడ్‌లా దాని గుణాలేంటో ఇంగ్లండ్‌లో వివరించారు. 1927లో థామస్ లూయిస్ చర్మం మీద గీరితే మొదట ఎర్రగీత, తర్వాత చుట్టూ ఎరుపు, ఆ పైన ఉబ్బు వస్తాయని వరసగా రాసిపెట్టాడు. మాస్ట్ కణం పగిలి హిస్టమిన్ బయటపడితే పక్కనున్న సన్నని రక్తనాళాలు వదులై నీరు కారుతుంది, నరాల కొసలకు దురద పుడుతుంది. దద్దుర్ల కథలో ఇదే సగం. ఆ కణం ఎందుకు పగిలింది అన్నదే మిగతా సగం, పరిశోధనంతా దాని చుట్టే తిరిగింది.

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని పట్టించుకోకపోవడం వల్లే ఊరూరా వైద్యాలు పుట్టాయి. ఒక్కో దద్దు ఒక్కో చోట 24 గంటల కంటే ఎక్కువ ఉండదు. ఇక్కడ మాయమై అక్కడ లేస్తుంది. అంటే దద్దు మీద పసరు పూసినా, గొంగడితో రుద్దినా, సూది వేసినా, ఏమీ చేయకుండా టీవీ ముందు కూర్చున్నా ఆ దద్దు పోవడం మాత్రం ఖాయం. దాన్ని చివరగా ఎవరు ముట్టుకుంటే వాళ్లకే పేరు. మొత్తం జబ్బు కూడా అంతే, చాలామందిలో కొన్నేళ్లకు దానంతట అదే సద్దుమణుగుతుంది. నాలుగో ఏడు ఎవరి మందు వాడుతుంటే ఆ మందే గొప్పదని ఊరంతా చెప్పుకుంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే తగ్గింది. కాకపోతే మందు వల్ల తగ్గిందా, తగ్గేటప్పుడు మందు వాడారా అన్నది ఒక్క మనిషిని చూసి చెప్పలేం.

పెద్దవాళ్లు అనే "రక్తం చెడింది" అన్న మాటను మాత్రం నవ్వి కొట్టేయడానికి లేదు. 1986లో ఇంగ్లండ్‌లో గ్రాటన్ బృందం రోగుల రక్తాన్నే తీసి, అందులోంచి పైన తేలే సీరం వేరు చేసి, దాన్ని తిరిగి అదే మనిషి చర్మంలోకి సన్నని సూదితో ఎక్కించింది. కొందరికి అరగంటలో అక్కడ దద్దు లేచింది. అంటే వాళ్ల రక్తంలోనే ఏదో ఉంది. అదేంటో 1993లో లండన్‌లో మాల్కం గ్రీవ్స్, జపాన్ నుంచి వచ్చిన మిచిహిరో హిడే, వాళ్ల తోటివాళ్లు బయటపెట్టారు. యాంటీబాడీ అంటే శత్రువును పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్. మాస్ట్ కణం పైన ఐజీఈ అనే యాంటీబాడీ వచ్చి కూర్చునే సీటు, అంటే రిసెప్టర్, ఒకటి ఉంటుంది, కొందరి ఒంట్లో ఆ రిసెప్టర్‌నే శత్రువు అనుకొని పట్టుకునే యాంటీబాడీలు తయారవుతున్నాయి. బయటి నుంచి వంకాయ రావాల్సిన పని లేదు, ఇంటి కుక్కే ఇంటివాళ్లను కరుస్తోంది. రక్తం చెడిందన్న మాటలో దారి సరిగానే ఉంది. రక్తం శుభ్రం చేస్తామని చెప్పి బేది మందులు ఇవ్వడమే తప్పు.

ఆ దారినే బెర్లిన్‌లోని మౌరర్ బృందం ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఒంటిని ఒళ్లే కొట్టే ఈ పద్ధతి రెండు రకాలుగా నడుస్తుందని తేలింది. ఒకదాంట్లో ఐజీఈయే దారి తప్పి మన సొంత పదార్థాలను పట్టుకుంటుంది, వాటిలో థైరాయిడ్‌కు చెందిన టీపీఓ అనే ప్రోటీన్ ఒకటి. రెండోదాంట్లో గ్రీవ్స్ చూపించినట్టు ఐజీజీ రకం యాంటీబాడీ రిసెప్టర్ మీదే పడుతుంది. ఈ రెండో రకం వాళ్లలో రక్తంలో ఐజీఈ తక్కువగానూ, టీపీఓ మీద ఐజీజీ యాంటీబాడీలు ఎక్కువగానూ కనిపిస్తాయి, ముందు ముందు చెప్పబోయే ఒమాలిజుమాబ్ అనే కొత్త ఇంజెక్షన్‌కు వాళ్లు నిదానంగా లొంగుతారు, అసలు లొంగకపోవచ్చు కూడా. థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆడవాళ్లలో దద్దుర్లు కూడా ఉండటం మన దగ్గర ఏ వీధిలో అడిగినా వినిపిస్తుంది. రెండింటికీ మూలం ఒకే రకం పొరపాటు, రోగనిరోధక శక్తి తనవాళ్లను గుర్తుపట్టకపోవడం. థైరాయిడ్ మాత్ర వేసుకుంటే దద్దుర్లు పోతాయని మాత్రం అనుకోవద్దు.

ఇదంతా తెలిశాక కూడా, వందల రకాల తిండిపదార్థాల పేర్లతో వచ్చే అలర్జీ ప్యానెల్ రక్తపరీక్షకు వేలు పోయడం చూస్తే బాధేస్తుంది. ఆ రిపోర్టులో వేరుశనగకు ఒక ప్లస్సు, పెసరకు రెండు ప్లస్సులు ఉంటాయి, ఎప్పుడూ ఇబ్బంది పెట్టని పెసరట్టు ఆ రోజు నుంచి బంద్. అంతర్జాతీయ మార్గదర్శకాలు దీర్ఘకాలిక దద్దుర్లకు అడిగే మామూలు పరీక్షలు చాలా తక్కువ: రక్తకణాల లెక్క, వాపును చూపించే ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ, స్పెషలిస్టు దగ్గరైతే మొత్తం ఐజీఈ, టీపీఓ యాంటీబాడీ. అంతే. మిగతావి రోగి చెప్పే కథను బట్టి. ఈ మార్గదర్శకాలను తయారుచేసి, ఎప్పటికప్పుడు సరిదిద్ది, దేశదేశాల డాక్టర్లను ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించడంలో మౌరర్ చాలా కాలం ముందు వరసలో ఉన్నారు. చివరిసారి ఆయన చేయి పడినది 2022లో అచ్చయింది.

మౌరర్ బృందం పనిలో కొత్త మందుల కంటే గొప్పది లెక్క రాసే పద్ధతి అని చెప్పొచ్చు. డాక్టర్ దగ్గరికి పోయే రోజు పొద్దున ఒంటిమీద ఒక్క దద్దు కూడా ఉండదు, ఇది ఈ జబ్బున్న ప్రతి ఒక్కరికీ తెలిసిన కర్మ. చూపిద్దామంటే ఏమీ లేదు, చెబుదామంటే "బాగా వస్తున్నయ్ సార్" తప్ప మాట రాదు. అందుకే రోజూ రెండు అంకెలు రాయమంటారు. దద్దుర్లు లేకపోతే సున్నా, 20 లోపు ఉంటే 1, 20 నుంచి 50 అయితే 2, అంతకు మించితే లేదా ఒకదానికొకటి కలిసి పెద్ద పెద్ద మచ్చలైతే 3. దురదకు కూడా అలాగే సున్నా నుంచి 3. రోజుకు ఎక్కువలో ఎక్కువ 6, వారానికి 42. వారం మొత్తం 6 లోపు ఉంటే జబ్బు చెప్పుచేతల్లో ఉన్నట్టు, 28 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రంగా ఉన్నట్టు. దీంతోపాటు గడిచిన నాలుగు వారాల గురించి నాలుగే ప్రశ్నలడిగే ఇంకో పరీక్షను బెర్లిన్‌లో తయారుచేశారు. అందులో 16కు 16 వస్తే జబ్బు పూర్తిగా అదుపులో ఉన్నట్టు, 12 కంటే తక్కువైతే మందు మార్చే ఆలోచన చేయాలి. కిరాణా ఖాతా రాసినట్టు పాత క్యాలెండర్ మీద రాసుకున్నా సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. గొంగడి పనిచేసిందో, మాత్ర పనిచేసిందో, వంకాయ మానేస్తే ఏమైనా తేడా వచ్చిందో ఆ అంకెలే చెబుతాయి. ఎక్కువసార్లు వంకాయ నిర్దోషిగా బయటపడుతుంది.

ఇక దానంతట అది రాకుండా, ఏదో ఒకటి రెచ్చగొడితేనే వచ్చే దద్దుర్లు వేరే కుటుంబం. ఇక్కడ మన ప్రాంతం బతుకే ఒక పాఠ్యపుస్తకం. చర్మం మీద పెన్ను మూతతో పేరు రాస్తే కొద్ది నిమిషాల్లో ఆ పేరు ఉబ్బి కనిపించే రకం ఒకటి, అన్నింటికంటే మామూలుగా కనిపించేది. లంగా బొందు బిగించిన చోట, బ్యాగు పట్టీ రాసుకున్న చోట వచ్చేది ఇదే. గొంగడి రుద్దుడు ఇలాంటివాళ్లకు ఉన్నదాన్ని ఇంకా పెంచుతుంది. రెండోది బరువు పడిన చోట వెంటనే కాకుండా కొన్ని గంటల తర్వాత వచ్చే వాపు. ఎనుమాముల మార్కెట్‌లో పొద్దంతా మిర్చి బస్తాలు మోసిన హమాలీకి రాత్రి భుజం, అరికాళ్లు ఉబ్బి నొప్పి పెడితే బరువు వల్ల వచ్చిన ఒళ్లునొప్పులనే అనుకుంటాడు. రోజూ అదే జరుగుతుంటే ఆ అనుమానం కూడా పెట్టుకోవాలి. మూడోది ఒళ్లు వేడెక్కి చెమట పట్టగానే గుండుసూది తలంత చిన్న చిన్న దద్దులు వందల్లో లేవడం. రామగుండం ఎండల్లో, ఉరుకుల పరుగుల్లో, కారం దండిగా పడ్డ కూర తిన్నప్పుడు, చివరికి ఎవరితోనైనా గట్టిగా టెన్షన్ పడ్డప్పుడు కూడా వస్తుంది. చాలామంది దీన్ని చెమటకాయలు అనుకొని పౌడరు చల్లుకుంటారు, చెమటకాయలు గంటలో పోవు, ఇవి పోతాయి.

చలికి వచ్చేది మాత్రం అన్నింటిలోకి ప్రమాదం. ఆదిలాబాద్ చలిలో పొద్దున్నే బండి నడిపితే చేతులు, ముఖం దద్దుర్లెక్కడం ఇబ్బంది, అంతవరకే. అదే మనిషి ఎండాకాలం సెలవుల్లో దోస్తులతో వ్యవసాయ బాయిలో దూకితే ఒళ్లంతా ఒకేసారి చల్లబడి, ఒంట్లోని మాస్ట్ కణాలు గుంపుగా పగిలి, బీపీ పడిపోయి నీళ్లలోనే స్పృహ తప్పొచ్చు. ఈత బాగా వచ్చినవాళ్లకైనా అంతే. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఐసు ముక్కను పలుచని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ముంజేతి మీద ఐదు నిమిషాలు ఉంచి, తీసేసి పది నిమిషాలు ఆగి చూస్తే ఐసు ఆకారంలోనే దద్దు లేస్తుంది. బెర్లిన్ బృందం దీనికి టెంప్‌టెస్ట్ అని ఒక పరికరాన్ని కూడా తెచ్చింది, 4 డిగ్రీల నుంచి 44 డిగ్రీల దాకా వేడిచల్లదనాలు ఒకే పట్టీ మీద ఉంటాయి, ఎన్ని డిగ్రీల దగ్గర ఒళ్లు తిరగబడుతుందో ఒకేసారి తెలిసిపోతుంది. మందు వాడాక ఆ అంకె ఎంత దిగిందో చూడొచ్చు. మళ్లీ లెక్కే.

మిర్చి మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. మిరపకాయలు తుంచేటప్పుడు చేతులకు పట్టే మంట అలర్జీ కాదు. కాప్సైసిన్ అనే పదార్థం వేడిని పసిగట్టే నరాల రిసెప్టర్‌ను తట్టి లేపుతుంది, చేయి కాలుతోందని మెదడు మోసపోతుంది. ఆ రిసెప్టర్‌ను కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. దాంట్లో మాస్ట్ కణాల తప్పేమీ లేదు.

వైద్యం దగ్గరికి వస్తే, మెడికల్ షాపుల్లో దొరికే చవక మాత్రలే మొదటి ఆయుధం: సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటివి. కానీ వీటిని మన దగ్గర దురద పుట్టినప్పుడు ఒకటి వేసుకొని, తగ్గగానే ఆపేస్తారు. ఇక్కడే పని చెడుతుంది. ఆర్టీసీ బస్సు వచ్చి ఆగగానే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడం తెలిసిందే కదా, ఈ మాత్ర చేసేది అదే పని. హిస్టమిన్ వచ్చి కూర్చునే సీటు మీద ముందే తువ్వాలు వేసి పెడుతుంది. హిస్టమిన్ వచ్చి కూర్చున్నాక తువ్వాలు విసిరితే లేచేదెవరు? అందుకే దద్దు ఉన్నా లేకున్నా రోజూ వేసుకోవాలంటాయి మార్గదర్శకాలు. రెండు నుంచి నాలుగు వారాలు చూసి సరిపోకపోతే, డాక్టర్ చెప్పిన మీదట, అదే మాత్రను మామూలు మోతాదుకు నాలుగింతల దాకా పెంచొచ్చు. నాలుగు రకాల మాత్రలు కలిపి మింగడం కంటే ఒకే రకాన్ని పెంచడం మేలు. పాతతరం మాత్రలు మెదడులోకి పోయి మత్తు తెస్తాయి కాబట్టి బండి నడిపేవాళ్లకు, పరీక్షలు రాసే పిల్లలకు అవి వద్దనే మార్గదర్శకాల మాట. దురద మాత్రకు నిద్ర రాకపోతే అది పనిచేయట్లేదనే నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. నిద్ర రావడం మందు బలం కాదు, దాని లోపం.

ఆర్‌ఎంపీ వేసే సూదిలో సాధారణంగా రెండుంటాయి, ఒకటి మత్తు తెచ్చే పాత యాంటీహిస్టమిన్, రెండోది స్టెరాయిడ్. స్టెరాయిడ్ పనిచేస్తుంది, కాదనడానికి లేదు, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే దాని ప్రమాదం. విపరీతంగా ముదిరినప్పుడు పది రోజుల లోపు మాత్రమే వాడొచ్చని, దీర్ఘకాలం వద్దే వద్దని మార్గదర్శకాలు రాశాయి. నెలల తరబడి వేసుకున్నవాళ్లకు ముఖం ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, బీపీ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలొస్తాయి, ఆపగానే దద్దుర్లు రెట్టింపుగా తిరిగొస్తాయి. సూది మానలేక షుగర్ మాత్ర మొదలుపెట్టినవాళ్లను తప్పు పట్టి లాభం లేదు, వాళ్లకు ఇంకో దారి ఉందని చెప్పినవాళ్లు లేరు. ఇంకోటి, ఒళ్లునొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఈ జబ్బున్న కొందరిలో, సుమారు నలుగురిలో ఒకరికి, దద్దుర్లను ఎగదోస్తాయి. పత్తి ఏరి వచ్చి నడుం నొప్పికి మాత్ర వేసుకొని, రాత్రి దద్దుర్లు లేస్తే పొద్దున తిన్న కూరను తిట్టుకుంటారు. ఏం తిన్నవ్ అని అడిగేవాళ్లు ఏ మాత్ర వేసుకున్నవ్ అని అడిగితే ఎంత బాగుండు.

నాలుగింతల మాత్రలకు కూడా లొంగని వాళ్లు తక్కువేం కాదు. వాళ్ల కోసం వచ్చిందే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్. ఐజీఈ అనే యాంటీబాడీ ఉందని 1960ల్లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యొహాన్సన్, బెనిక్ వేరువేరుగా కనుక్కున్నారు. రక్తంలో తిరిగే ఆ ఐజీఈని పట్టి కట్టేసే ఈ మందుకు 2003లో అమెరికాలో ఉబ్బసం కోసం అనుమతి దొరికింది. దద్దుర్లకు పనికొస్తుందా అని పెద్ద ఎత్తున చేసిన పరీక్షల్లో ఒకదానికి మొదటి రచయిత మౌరరే, 2013లో అచ్చయింది. 323 మంది, నాలుగు వారాలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు. 300 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవాళ్లలో 12వ వారానికి దద్దూ దురదా రెండూ పూర్తిగా పోయినవాళ్లు 44 శాతం. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలోనూ 5 శాతం మందికి అలాగే పోయాయి. ఆ 5 శాతాన్ని మరిచిపోకూడదు. ఉత్త నీళ్ల సూదికి కూడా నూటికి ఐదుగురు పూర్తిగా బాగైపోయే జబ్బు ఇది. ఊళ్లో ఐదుగురు "మాకు తగ్గింది" అని సాక్ష్యం చెబితే ఆ మందు పేరు జిల్లా దాటుతుంది. 2014లో అమెరికా దద్దుర్లకు కూడా ఈ మందును ఒప్పుకుంది. మన దగ్గరా దొరుకుతుంది, కాకపోతే నెలనెలా కొనడం కౌలు రైతు ఇంటికి అయ్యే పని కాదు. అందుకే ఇక్కడి డాక్టర్లు తర్వాతి మెట్టైన, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ అనే మందు వైపు ముందే చూడాల్సి వస్తుంటుంది. దాంతో బీపీ, కిడ్నీలు కనిపెట్టుకొని ఉండాలి.

అన్ని ప్రయత్నాలూ ఫలించలేదు. ఐజీఈని ఇంకా గట్టిగా పట్టుకునే లిగెలిజుమాబ్ మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు, 2021 చివర్లో వచ్చిన పెద్ద పరీక్షల ఫలితాల్లో అది ఒమాలిజుమాబ్‌ను దాటలేకపోయింది. గట్టిగా పట్టుకుంటే గట్టిగా పనిచేస్తుందన్న లెక్క తప్పింది. 2025లో మాత్రం అమెరికాలో రెండు కొత్త దారులు తెరుచుకున్నాయి. ఏప్రిల్‌లో డుపిలుమాబ్ ఇంజెక్షన్, సెప్టెంబర్ చివర్లో రెమిబ్రుటినిబ్ మాత్ర. ఈ మాత్ర మాస్ట్ కణం లోపల పగిలిపొమ్మనే సందేశాన్ని మోసే బీటీకే అనే ఎంజైమును ఆపుతుంది. సూది కాదు కాబట్టి ఫ్రిజ్ అక్కర్లేదు, నర్సు అక్కర్లేదు, భూపాలపల్లి లాంటి చోటికి ఆ రెండూ పెద్ద సంగతులే. ధర సంగతి వేరే మాట.

దద్దుర్లలా కనిపిస్తూ దద్దుర్లు కానివి కొన్ని ఉన్నాయి, మౌరర్ బృందం వాటి మీద కూడా చాలా పని చేసింది. మచ్చ ఒకేచోట 24 గంటలు దాటి ఉంటే, దురద కంటే నొప్పి ఎక్కువైతే, పోయాక కమిలిన గుర్తు మిగిలితే అది రక్తనాళాల వాపు కావొచ్చు, చిన్న చర్మం ముక్క తీసి పరీక్ష చేయాలి. అందుకే లేచిన దద్దు చుట్టూ బాల్‌పెన్నుతో గీసి, మరుసటి రోజు అదే టైముకు చూడమంటారు. దద్దు అస్సలు లేకుండా పెదవులు, కళ్లు, చేతులు మాత్రమే ఉబ్బి, మధ్యమధ్య భరించలేని కడుపునొప్పి వచ్చి, ఇంట్లో ఇంకెవరికైనా కూడా అలాగే ఉంటే అది పుట్టుకతో వచ్చే వాపు జబ్బు కావొచ్చు. అందులో హిస్టమిన్‌కు పనే లేదు, బ్రాడికినిన్ అనే వేరే పదార్థం పని అది. విలియం ఆస్లర్ 1888లోనే వంశాల్లో నడిచే జబ్బుగా దీన్ని వర్ణించాడు, 1963లో డోనాల్డ్‌సన్, ఎవాన్స్ ఇందులో ఏ ప్రోటీన్ లోపిస్తుందో చూపించారు. దీనికి అలర్జీ మాత్రలు, స్టెరాయిడ్ సూది పనిచేయవు, గొంతు వాస్తే ప్రాణం మీదికొస్తుంది. ఏ రకమైనా సరే, నాలుక వాచి మాట మారినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా గొంగడి వెతకొద్దు, 108కి ఫోన్ చేయాలి.

ఇంతసేపూ మాస్ట్ కణాన్ని దొంగను చూసినట్టు చూశాం. మౌరర్ వయసులో ఉన్నప్పుడు చేసిన ప్రయోగాలు అసలు ఇందుకు ఎదురుగా ఉన్నాయి. 2004లో స్టీఫెన్ గాల్లీ బృందంతో కలిసి నేచర్ పత్రికలో అచ్చువేసిన పనిలో, ఎలుకల్లో మాస్ట్ కణాలు ఎండోథెలిన్ అనే ప్రమాదకర పదార్థాన్ని విరిచేసి ప్రాణం కాపాడుతున్నాయని చూపించారు. ఆ ఎండోథెలిన్‌ను అచ్చం పోలిన విషం ఒక రకం పాములో ఉంటుంది. 2006లో గాల్లీ బృందమే సైన్స్ పత్రికలో దాని వెంట పడి, మాస్ట్ కణాలున్న ఎలుకలు పాము విషాన్ని, తేనెటీగ విషాన్ని కూడా ఎక్కువ తట్టుకుంటున్నాయని, కణం గింజల్లోని ఎంజైములు పాము విషాన్ని ముక్కలు చేయడం అందుకు కొంతవరకు కారణమని తేల్చింది. మనిషిలో ఎంతవరకు అలా జరుగుతుందన్నది వేరే లెక్క. కానీ మక్కకంకి లాంటి ఆ కణం ఒంట్లో ఊరికే లేదన్నది అర్థమవుతుంది.

ఇప్పుడు పరీక్షల్లో ఉన్న మందుల్లో ఒకటి బార్జోల్వోలిమాబ్. ఇది హిస్టమిన్‌ను ఆపదు, ఐజీఈని పట్టదు, మాస్ట్ కణం బతకడానికి కావాల్సిన కిట్ అనే రిసెప్టర్‌నే మూసేసి చర్మంలో ఆ కణాలే లేకుండా చేస్తుంది. రెండో దశ పరీక్షల్లో దద్దుర్లు చాలామందికి బాగా తగ్గాయి. జుట్టుకు రంగునిచ్చే కణాలకు కూడా అదే రిసెప్టర్ కావాలి కాబట్టి కొందరికి వెంట్రుకల రంగు వెలిసింది. ఏసీ గదిలో పనిచేసే మనిషికి అది చిన్న ఖర్చే. వానాకాలం మోకాలెత్తు పత్తి చేన్లో, గట్ల మీద గడ్డి కోస్తూ, పాములూ కందిరీగలూ తిరిగే చోట బతికే మనిషికి ఇచ్చే ముందు మాత్రం, 2004లో, 2006లో ఎలుకలు చెప్పిన సంగతిని కూడా పక్కన పెట్టుకొని చూడాలి.